షేకులో చక్కెర లెక్క

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఆరోగ్యం గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. నేను డాక్టర్ని కాను. ఆర్టిలరీలో 28 ఏళ్ళు చేసి, సుబేదారుగా పెన్షన్ వచ్చినవాణ్ణి. అందుకని నాకు జరిగిందే చెబుతాను.

సర్వీసులో పొద్దున పీటీ, సాయంత్రం గేమ్స్. లంగర్లో ఎన్ని పూరీలు తిన్నా అరిగిపోయేవి. పెన్షన్ వచ్చాక పీటీ ఆగింది, పూరీలు ఆగలేదు. పొట్ట వచ్చింది, భుజాల కండ జారింది. మా అబ్బాయి జిమ్‌కి వెళ్తూ ప్రోటీన్ డబ్బా కొంటుంటే ధర చూసి, "ఇంట్లోనే చేసుకుందాం లేరా" అన్నాను. రెండు అరటిపళ్ళు, నాలుగు ఖర్జూరాలు, రెండు పెద్ద చెంచాల తేనె, గ్లాసున్నర పాలు. రెండేళ్ళు రోజూ తాగాను, మీసం తిప్పుకుంటూ.

ఒకరోజు పాలీక్లినిక్‌లో రక్తం ఇచ్చాను. పరగడుపున 190. "టీలో కూడా పంచదార వేసుకోను సార్!" అన్నాను. డాక్టరుగారు నా షేకు సంగతి విని కాగితం తీసి లెక్క కట్టారు. పాలు పక్కన పెట్టినా, పళ్ళు, తేనెల్లోనే సుమారు 80 గ్రాముల చక్కెర. అంటే పదహారు చెంచాలు. ప్రోటీన్ పన్నెండు, పదమూడు గ్రాములు. "ఇదొక్కటే కారణం కాదు, మీ నాన్నగారి షుగరూ ఉంది, ఈ పొట్టా ఉంది. కాని మీరు రోజూ ఆజ్యం పోస్తున్నారు" అన్నారు. తేనె, బెల్లం మంచివని మనం అనుకుంటాం గాని, రక్తంలోకి వెళ్ళాక వాటికీ పంచదారకూ పెద్ద తేడా లేదట.

మన హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020 లెక్క ప్రకారం పెద్దవాళ్ళకు కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రోటీన్ చాలు. నా 70 కిలోలకు 58 గ్రాములు. అదే సంస్థ 2024లో, ప్రోటీన్ పౌడర్ల జోలికి పోవద్దని, వాటిల్లో చక్కెర, తీపి రసాయనాలు కలిసి ఉండొచ్చని చెప్పింది. మా వాడికి ఆ కాగితం చూపించాను. చదివాడు, డబ్బా మాత్రం ఇంకా అలమారలో ఉంది.

అప్పుడు గుర్తొచ్చాడు, మా యూనిట్ బీహారీ మిత్రుడు. ఎండాకాలం ఎక్సర్‌సైజులో సత్తు నీళ్ళలో కలిపి, ఉప్పు, నిమ్మకాయ, పచ్చిమిర్చి వేసి తాగేవాడు. మేం నవ్వేవాళ్ళం. సత్తు అంటే వేయించిన శనగల పిండే కదా, మన పుట్నాలకు చుట్టమే! నూరు గ్రాముల్లో ప్రోటీన్ 20 గ్రాముల పైమాటే.

ఇప్పుడు నాది ఇదీ: పుట్నాల పొడి 30 గ్రాములు, నానబెట్టిన వేరుశనగ గుప్పెడు, చిన్న కప్పు పెరుగు, నీళ్ళు, వేయించిన జీలకర్ర, చిటికెడు ఉప్పు. మిక్సీలో ఒక తిప్పు. ప్రోటీన్ సుమారు 15 గ్రాములు, పైనుంచి వేసిన తీపి సున్నా. మిగతాది పప్పు, గుడ్లు, చేపలతో సరిపోతుంది. అరటిపండు మానలేదు, సగం పండు కొరుక్కు తింటాను. బీపీ ఉన్నవాళ్ళు ఉప్పు మానేయండి. కిడ్నీ ఇబ్బంది ఉన్నవాళ్ళు మాత్రం డాక్టర్ని అడక్కుండా ప్రోటీన్ పెంచకండి.

ఇంకో పొరపాటు కూడా చెప్పాలి. ఉత్సాహం పట్టలేక, షుగర్ మాత్ర వేసుకుని, రాత్రి అన్నం మానేసి నడకకు పోయాను. దారిలో చెమటలు, చేతుల వణుకు, కళ్ళు తిరిగి గేటు పట్టుకుని కూలబడ్డాను. మెయిన్ గేటు సెంట్రీ కుర్రాడు మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగించాడు. పావుగంటలో లేచాను. ఆ రోజు నుంచి తిండి తగ్గించేముందు మాత్ర సంగతి డాక్టర్ని అడుగుతున్నాను. జేబులో పంచదార పొట్లం లేకుండా మా ఆవిడ గుమ్మం దాటనివ్వదు. ఇదుగో, ఇప్పుడూ ఉంది.

టీ బ్రేకులో వెనక బల్ల మీద రెండు ఫ్లాస్కులు పెట్టాను. ఒకటి ఉప్పుది, ఒకటి ఉప్పు లేనిది. తాగి చూడండి. జీలకర్ర కాస్త మాడింది, అది నా తప్పే.