బ్యాటరీ వెనుక కొండ



మన చేవెళ్ల, మొయినాబాద్ రోడ్ల మీద కరెంటు బండ్లు తిరుగుతున్నాయి. వాటి బ్యాటరీల్లో లిథియమే కాదు, గ్రాఫైట్ కూడా ఉంటుంది. ఆ గ్రాఫైట్ విశాఖ, గోదావరి మన్యం వైపు కొండల్లో ఉంది. 2023లో కేంద్రం ప్రకటించిన 30 కీలక ఖనిజాల్లో అదీ ఒకటి.

పొగ తగ్గాలి, కాదనం. ఎవరిని అడిగి తవ్వుతారన్నదే మన ప్రశ్న. బొర్రా ప్రాంత గిరిజనుల తరఫున సమత సంస్థ పోరాడింది. షెడ్యూల్డు ప్రాంతాల్లో గిరిజనేతరులకు ప్రభుత్వమిచ్చే గనుల లీజులు చెల్లవని 1997లో సుప్రీంకోర్టు చెప్పింది. ప్రైవేటు కంపెనీ కూడా గిరిజనేతరుల కిందికే వస్తుందని తేల్చింది. తవ్వితే ప్రభుత్వ సంస్థలో, గిరిజనుల సహకార సంఘాలో తవ్వాలి.

2025 సెప్టెంబరులో కీలక ఖనిజాల గనులకు పర్యావరణ అనుమతుల్లో ప్రజాభిప్రాయ సేకరణ తీసేశారు. మన తండాలు షెడ్యూల్డు ప్రాంతంలో లేవు, ఆ తీర్పు రక్షణా మనకు లేదు. (ఈ సంగతి మనలో ఎందరికి తెలుసు?) ఈసారి కలిసినప్పుడు ఆ తీర్పు ముందేసుకుని చదువుదాం.