మైనారిటీ అను మాట - దాని జ్ఞాతులు
(ఆర్యపల్లి తెలుగువారి సభయందు చేసిన ప్రసంగ పాఠము)



మేము మెట్రిక్యులేషనుతో చదువు చాలించి దుకాణమున కూర్చున్నవారము. భాషాశాస్త్రమున మాకు పాండిత్యము లేదు. అయినను మనకు తగిలించిన పేరొకటి ఇంగ్లీషు మాట యగుటచే, దాని వంశమెట్టిదో తెలిసికొనగోరి నిఘంటువులు త్రిప్పి చూచితిమి. ఆ సంగతులే నేడు మనవి చేసెదము.

1936 ఏప్రిల్ 1వ తేదీన గంజాము మదరాసు రాజధానినుండి విడివడి ఒడిస్సా రాష్ట్రమున చేరినది. మన పెద్దలు ఇల్లు కదలలేదు, ఊరు మారలేదు, సరిహద్దు కదలినది. ఆ పిమ్మట మైనారిటీ యను పేరు మనకు స్థిరపడినది.

ఈ మాటకు మూలము లాటిను భాషలోని 'మైనర్'. మరియొకదానికంటె చిన్నదని దాని యర్థము. లెక్కలలోని మైనస్, కూలి రేట్లలోని మినిమం, గడియారపు మినిట్, మన సభల తీర్మానములు వ్రాసికొను మినిట్సు, హోటలు బల్లపైనుండు మెనూ, ఇవన్నియు దీని జ్ఞాతులే. మెనూ మాత్రము ఫ్రెంచివారింట పెరిగి వచ్చినది. మన ఛత్రపురపు ఇసుకనుండి తీయు మినరలును గూడ కొందరీ గుంపున చేర్చెదరేమో! అది వేరు కుటుంబము. గనులకు సంబంధించిన మాట.

ఇక చిక్కు చెప్పెదము. ఇంగ్లీషులో సంఖ్యలో తక్కువగుటకును, ఈడు నిండకుండుటకును మైనారిటీ యని ఒకే మాట. 1875 నాటి చట్టము ప్రకారము పదునెనిమిదేండ్లు నిండనివాడు మైనరు. జమీందారీల కాలమున మైనరు దొరల యాస్తిని కోర్ట్ ఆఫ్ వార్డ్సువారు చూచుచుండెడివారు. అందువలననే కాబోలు, మైనారిటీ యనగానే మనలో కొందరు ఎవరో సంరక్షకుడు వచ్చి మన వ్యవహారము చక్కబెట్టునని చేతులు ముడుచుకొని కూర్చుందురు. మనము తక్కువైనది లెక్కకే గాని ఈడునకు గాదు.

ఈ కుటుంబముననే మినిష్టరు గూడ నున్నాడన్నచో మీరు నవ్వెదరు. రోమనులలో 'మినిస్టర్' అనగా సేవకుడు, చిన్నవాడు. 'మజిస్టర్' అనగా పెద్దవాడు. అందుండి మాష్టరు, మేజిస్ట్రేటు పుట్టినవి. మేజర్, మెజారిటీ, మేయర్ ఆ వైపువే. కావున వంశమును బట్టి చూచినచో బడి మాష్టరు పెద్దల వైపువాడు, మినిష్టరు మన వైపువాడు! సేవ చేయువాని పనినుండియే అడ్మినిస్టర్, అనగా నిర్వహించుట, అను మాట వచ్చినది.

మన రాజ్యాంగపు 30వ అధికరణమున ఈ జ్ఞాతులిద్దరును ఒకే వాక్యమున కలిసికొన్నారు. మతమును బట్టి గాని భాషను బట్టి గాని మైనారిటీలైన వారందరికిని తమకు నచ్చిన విద్యాసంస్థలను స్థాపించి 'అడ్మినిస్టర్' చేసికొను హక్కు గలదని యందున్నది. మైనరు పిల్లవాని చేతికి ఎవరైనను నిర్వహణాధికారమిత్తురా? 1956లో చేర్చిన 350-ఎ అధికరణము ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు తగిన సౌకర్యములు కల్పింప యత్నింపవలెనని రాష్ట్రములకు చెప్పుచున్నది.

అయితే మినిమం అను జ్ఞాతిని మరువరాదు. 1949 ఆగస్టులో విద్యామంత్రుల సమావేశము ఒక లెక్క కట్టినది: బడి మొత్తమునకు నలుబదిమంది గాని, తరగతికి పదిమంది గాని ఆ భాష పిల్లలున్నచో, ఆ భాషలో బోధించు ఉపాధ్యాయుని నియమింపవలెను. మేము వర్తకులము, ఈ లెక్క మాకు చక్కగా బోధపడును. తొమ్మండుగురు చేరి, పదవవాడు దూరపు ఇంగ్లీషు బడి బస్సెక్కినచో తూకము సరిపోదు. అర్జీ పట్టుకొని ఏ కచేరికి పోయినను వారు మొదట అడుగునది పేర్ల జాబితాయే.

ఆ జాబితా మనవద్ద లేదు. ఈ సభ ముగియగానే ద్వారము కడ బల్లపై నోటుపుస్తకమొకటి యుండును. బడియీడు పిల్లల పేరు, తండ్రి పేరు, వీధి అందులో వ్రాసి పోవలెనని కోరుచున్నాము. వ్రాయుట రానివారు చెప్పినచో మేమే వ్రాసికొందుము.