రెండున్నర నిమిషాల రోబో

గోదావరిఖని దగ్గరి అడ్రియాల లాంగ్‌వాల్ గనిలో బొగ్గును కోసేది షియరర్ యంత్రం, పైకప్పును మోసేవి హైడ్రాలిక్ సపోర్టులు. ఇంట్లో గని యంత్రాల కబుర్లు వింటూ పెరిగే పెద్దపల్లి జిల్లా పిల్లలకు రోబో అంత వింతేమీ కాదు. రోబో పోటీకి దిగాలంటే కావలసింది ఒక జట్టు.

అలాంటి పోటీల్లో ఒకటైన ఫస్ట్ లెగో లీగ్ 1998లో మొదలైంది. ఇందులోని ఛాలెంజ్ విభాగం 9 నుంచి 16 ఏళ్ల పిల్లలది. బల్ల మీద రెండున్నర నిమిషాల్లో రోబో తనంతట తానే పనులు చక్కబెట్టాలి, రిమోట్ పనికిరాదు.

అసలు తిప్పలు ఇక్కడే. సెకన్ల లెక్కన నడిపిస్తే, ఛార్జింగ్ తగ్గగానే రోబో గమ్యానికి జానెడు ముందే ఆగిపోతుంది. చక్రం ఎన్ని డిగ్రీలు తిరిగిందో కొలిచేలా ప్రోగ్రాం రాస్తే ఆ బెడద చాలావరకు తీరుతుంది. టైర్లకు దుమ్ము పట్టినా దారి తప్పుతుంది. అందుకే ఆరితేరిన జట్లు పరుగుకు ముందు టైర్లు తుడిచి, రోబోను బల్ల అంచుకు ఆనించి తిన్నగా నిలబెడతాయి.

మరి డబ్బు? 2016లో మొదలైన కేంద్ర ప్రభుత్వ అటల్ ఇన్నోవేషన్ మిషన్ కింద, ఎంపికైన బడికి టింకరింగ్ ల్యాబ్ (పిల్లలు చేతులతో చేసి నేర్చుకునే ప్రయోగశాల) కోసం 20 లక్షల రూపాయల దాకా గ్రాంటు వస్తుంది. ఆరు నుంచి పన్నెండో తరగతి వరకు పిల్లలు అందులో పనిచేయవచ్చు.

గెలుపు రోబో ఒక్కదానితోనే రాదు. జట్టు ఒక సమస్యను ఎంచుకుని, పరిష్కారాన్ని న్యాయనిర్ణేతలకు వివరించాలి. అక్కడ మాట్లాడాల్సింది పిల్లలే. కోచ్ నోరు మెదపకూడదు. పెద్దలకు ఇదే కష్టం!