యల్లాప్రగడ సుబ్బారావుగారి వ్రాతలు



పండితుడొకడు గతించినచో ఆయన ఎన్ని గ్రంథములు రచించెనని అడుగుట మనకు వాడుక. పాశ్చాత్య విజ్ఞానలోకమునను ఇట్టి లెక్కయే కలదు. అచ్చట శాస్త్రపత్రికలలో ప్రకటించిన వ్యాసములను లెక్కింతురు. పిదప ఆ వ్యాసములను తక్కినవారు తమ రచనలలో ఎన్నిమారులు ప్రమాణముగా పేర్కొనిరో చూతురు. మన వ్యాఖ్యాతలు పూర్వాచార్యుల మతమును ఉదాహరించుట వంటిదే యిది. 1895వ సంవత్సరమున భీమవరమున జన్మించి, అమెరికాలో రాచపుండునకు, అనగా క్యాన్సరునకు, మందు సిద్ధపరచిన యల్లాప్రగడ సుబ్బారావుగారిని నేడు ఈ కొలబద్దతో కొలువదలచితిని.

వారు మదరాసులో వైద్యవిద్య ముగించి 1923లో బోస్టను నగరము చేరి, హార్వర్డు విశ్వవిద్యాలయమున ఫిస్క్ అను ఆచార్యునితో పరిశోధనకు పూనుకొనిరి. 1925లో ఇరువురును కలిసి ప్రకటించిన వ్యాసమే వారి వ్రాతలలో మిక్కిలి వ్యాప్తి గాంచినది. అది ఏ రోగమును గూర్చినదియు గాదు. నెత్తురు మున్నగువానిలో భాస్వరము ఎంత యున్నదో కొలుచు ఉపాయము మాత్రమే. పసుపునకు సున్నము తగిలినచో ఎఱ్ఱనగుట మన యిండ్లలో అందరును ఎరుగుదురు. అట్లే భాస్వరమునకు తగిన ద్రవ్యములు చేర్చినచో నీలివన్నె పుట్టును; భాస్వరము హెచ్చిన కొలది నీలి చిక్కనగును. ఆ చిక్కదనమును బట్టి పరిమాణమును నిర్ణయింతురు. ఈ వ్యాసమును వేలకొలది రచనలలో ప్రమాణముగా గ్రహించిరి. ఇది వట్టి కొలత పనియే గదా యని తేలిక చేయువారు కలరు. నేనొప్పను. మానిక సరిగా లేని అంగడిలో బేరమెట్లు సాగును? ఆ కొలతనే చేతబట్టి వారిరువురును కండరములలోని ఫాస్ఫోక్రియాటినును 1927లోను, దేహమునకు శక్తినిచ్చు ఏ.టి.పి. అను పదార్థమును 1929లోను వెల్లడించిరి. ఈ రెండవదానిని అదే యేట జర్మనీలో లోమన్ అను నాతడును వేరుగా కనుగొనెను.

1940లో సుబ్బారావుగారు లెడర్లే అను మందుల సంస్థలో చేరి, పిదప అచ్చటి పరిశోధనకు నాయకులైరి. ఆకుకూరలలో నుండు ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేయు విధమును వారి బృందము సాధించెను. దానిని గూర్చి 1946లో వెలువడిన వ్యాసమున పదునారుగురి పేర్ల నడుమ వారి పేరు కనబడును.

ఇక అసలు సంగతి. బోస్టనులో ఫార్బరు అను వైద్యుడు, నెత్తురు క్యాన్సరు గల పిల్లలకు ఈ ఆమ్లము నిచ్చిన రోగము ముదురుచున్నట్లు గమనించెను. అట్లయిన దీనికి విరోధియైన మందు మేలు చేయునేమో యని తలచెను. అట్టివానిని సుబ్బారావుగారి బృందము చేసి పంపెను. అందొకటి అమినోప్టెరిను. అది చూపునకు ఫోలిక్ ఆమ్లము వలెనే యుండి, తాళములో దూరియు తిరుగని చెవివలె పనిని ఆపివేయును. అంతట చెడు కణములు పెరుగజాలవు. పదునారుగురు పిల్లలకిచ్చి చూడగా పదుగురికి కొంతకాలము గుణమిచ్చెను. అంతకు మున్ను ఆ రోగమునకు మందే లేదు. 1948 జూనులో ఈ వార్త వైద్యపత్రికలో వెలువడెను. వ్యాసకర్తలు అయిదుగురు, వారిలో సుబ్బారావుగారు లేరు. దీనిని అన్యాయమని నేననను. పిల్లల మంచములకడ నిలిచి మందిచ్చినవారు వైద్యులు, వ్రాసినవారును వారే. కాని వ్యాసముల లెక్క వ్రాయువాని పుస్తకమున ఇచ్చట సుబ్బారావుగారికి దక్కునది సున్న.

ఆ యేడు ఆగస్టులోనే, ఏబది మూడవ యేట, వారు న్యూయార్కులో గతించిరి. అమినోప్టెరినునకు తోబుట్టువైన మెథోట్రెక్సేటు అను మందుతో, గర్భముతో సంబంధించిన యొక క్యాన్సరు అణగిపోయినట్లు 1956లో లీ, హెర్ట్‌జ్ అను వైద్యులు ప్రకటించిరి. ఆ మందును నేటికిని పిల్లల నెత్తురు క్యాన్సరునకు, కీళ్లవాపులకు కూడ వాడుచున్నారు. చీటి వ్రాయు వైద్యుడు ఎవరి పేరును తలపడు.

మన గోదావరి మండలములలో బోదకాలు రాకుండ ఇంటింట పంచిపెట్టిన మాత్ర మీలో పెక్కుమంది మ్రింగియే యుందురు. దాని మూలమును సుబ్బారావుగారి బృందమే కనుగొనెను. ఆ మందును గూర్చి 1947లో వెలువడిన వ్యాసమున వారి పేరు కలదు; అందరి పేర్లకును కడపట.