డాక్టరు గారి చీటీలు అయిపోయాయా?

(ఓ.పి. హాలులో ఉదయ ప్రార్థన తరువాత రోగుల బంధువులకు ఇచ్చిన ప్రసంగం)



"రేపటికి చీటీలు అయిపోయాయండీ" అని కౌంటరులో చెబితే మీకు బాధ కలుగుతుంది. తీరా మరునాడు చూస్తే, డాక్టరు గారి గది ముందు కుర్చీలు కొన్ని ఖాళీగా ఉంటాయి. "మాకు అబద్ధం చెప్పారు" అనుకుంటారు. అబద్ధం కాదు. ఆ లెక్క ఏమిటో చెబుతాను.

ఉదాహరణకు ఒక డాక్టరు గారు ఉదయం 9 గంటల నుండి 1 గంట వరకు చూస్తారనుకోండి. అంటే 240 నిమిషాలు. ఒక్కొక్కరికి 10 నిమిషాలైతే 24 మందిని చూడవచ్చు. నాలుగు చోట్లు అత్యవసరంగా వచ్చేవారికి ఉంచి, 20 మందికి చీటీలు ఇస్తాము. ఆ నాలుగూ ఎందుకు ఉంచాలి? ఒక్క రోగికి అరగంట పట్టినా తరువాతి వారందరికీ ఆలస్యమవుతుంది గనుక.

ఇప్పుడు ఆ 20 మందిలో 5 మంది రాలేదు. 50 నిమిషాలు పోయాయి. ముందురోజు మేము తిప్పి పంపిన 5 మంది ఆ వేళకు చూపించుకునేవారే కదా!

అందుకే ప్రతి సాయంత్రం రెండు లెక్కలు చూడాలి. ఎన్ని చీటీలు ఇచ్చాము? ఎంతమంది వచ్చారు? మొదటిది ఒక్కటే చూస్తే డాక్టరు గారికి తీరికే లేదనిపిస్తుంది. రెండవది చూస్తేనే నిజం తెలుస్తుంది. రెండూ వారాల తరబడి నిండుగా ఉంటే ఇంకొక రోజు ఓ.పి. పెట్టాలి, లేదా ఇంకొక డాక్టరు కావాలి. నిర్గమకాండము 18వ అధ్యాయములో మోషే ఉదయం నుండి సాయంత్రం వరకు ఒక్కడే ప్రజలకు న్యాయం తీర్చడం చూసి, ఆ భారం పంచమని మామ యిత్రో సలహా ఇచ్చాడు. చూసి లెక్కించినవాడే అలా చెప్పగలడు.

రాకపోతే నష్టం ఇతరులకే కాదు. మూర్ఛకు మందు వాడేవారు తిరిగి చూపించుకోక, మందు అయిపోయి హఠాత్తుగా మానేస్తే మళ్ళీ మూర్ఛలు రావచ్చు. మామూలు క్షయకు కూడా మందులు సాధారణంగా 6 నెలలు వాడాలి. "నెమ్మదించింది కదా" అని మధ్యలో ఆపకూడదు.

కనుక మీరు చేయవలసినవి:

1. మళ్ళీ రమ్మన్న తేదీని ఇంట్లో క్యాలెండరు మీద గుర్తు పెట్టండి.
2. రాలేకపోతే ముందురోజే ఫోను చేసి చెప్పండి. వేరే తేదీ అడగండి.
3. పాత చీటీలు, రిపోర్టులు, వాడుతున్న మందులు తెచ్చుకోండి. వాటిని వెదకడంలోనే మీ 10 నిమిషాలు అయిపోకూడదు.
4. ఛాతీ నొప్పి, ఆయాసం, స్పృహ తప్పడం, రక్తస్రావం ఉంటే చీటీ కోసం ఆగవద్దు. నేరుగా క్యాజువాలిటీకి రండి.

మీరు వదిలిన ఒక్క చీటీ మరొక తల్లి బిడ్డకు దొరుకుతుంది. దేవుడు మీ కుటుంబాలను దీవించును గాక.