గూళ్ళ లెక్క
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



నేను పండితుడను కాను. పగలు లెక్కలు వ్రాసి, రాత్రి ఈ గ్రంథాలయపు దీపము క్రింద కావ్యములు చదువుకొన్నవాడను. పక్షులను గూర్చి మాటలాడుమని కార్యదర్శిగారు కోరినప్పుడు నాకు మొదట జ్ఞప్తికి వచ్చినది హంస. పాలను నీళ్ళను వేరు చేయునని, మబ్బు పట్టగానే మానస సరస్సునకు పోవునని కవులు చెప్పిన హంసను నేను చిన్ననాటినుండి ఎరుగుదును. మన చెరువులో నిత్యము నిలుచు కొంగలు ఎన్ని తెగలో మాత్రము ఏబది యేండ్లు వచ్చువరకు నేనెరుగను.

ఆ అజ్ఞానము నేలపట్టులో కొంత తీరినది. సూళ్ళూరుపేటకు సమీపమున, దొరవారిసత్రము మండలములో ఉన్నదా గ్రామము. ఒక వంక చిట్టడవి, ఒక వంక చెరువు. చెరువు నీటిలోనే వేరూని నిలుచు కడప చెట్లు. 1976లో ప్రభుత్వమువారు దీనిని పక్షుల అభయారణ్యముగా ఏర్పరచిరి. విస్తీర్ణము సుమారు 459 హెక్టార్లు. ఈశాన్య ఋతుపవనపు వానలకు చెరువు నిండగా పక్షులు దిగును; పిల్లలు ఎగురనేర్చిన పిదప, ఎండలు ముదురులోగా లేచిపోవును.

రెండేండ్ల క్రిందట మార్గశిర మాసమున, తెల్లవారుజామున, మా అల్లునితో కూడ ఆ గట్టున నిలిచితిని. దూరమునకు చెట్లు ప్రత్తి విచ్చినట్లు తెల్లగా కానవచ్చినవి. వెలుగు వచ్చినకొలది ఆ ప్రత్తి కదలెను. అవి అన్నియు పక్షులే! నత్తగుల్ల కొంగను అల్లుడు చూపెను. దాని ముక్కు మూసినను నడుమ సందు మిగులును. గుల్లనుండి నత్తను తీయుటకు ఆ ముక్కే సాధనము. నీటికాకులు రెక్కలు చాపి ఆరబెట్టుకొనుచుండెను.

అన్నిటికంటె నన్ను నిలిపివేసినది గూడబాతు. గూడ వేసి చేనికి నీరు పెట్టిన పెద్దలు ఈ సభలో ఇంకను ఉన్నారు. ఆ పేరు పెట్టినది అట్టి రైతే అయి యుండునని నాకు తోచును. ముక్కు క్రింది సంచితో నీటిని చేపతో కూడ తోడి, నీటిని విడిచి, చేపను మింగును. రైతు గూడ నీటి కొరకు, దీని గూడ చేప కొరకు. దాపుననున్న పులికాటు సరస్సున మేసి వచ్చి నోరు తెరవగా, పిల్ల తన తలను తల్లి కంఠములోనికి దూర్చి ఆహారము తీసికొనును. తల్లి బిడ్డను మ్రింగుచున్నదా యని నేను భయపడితిని!

ఆ యూరివారు పక్షులను తోలరు. రెట్ట కలిసిన చెరువు నీరు చేనికి బలమని వారి నమ్మకము. ధర్మమును లాభమును ఒకే పద్దున వ్రాసికొన్న వివేకులు వారు.

ఇట్టి చోటులు శాశ్వతములని తలపరాదు. కడప సీమలో బుచ్చుపల్లె కడ గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు గుంపులుగా గూళ్ళు కట్టుట 1902లో కనుగొనిరి. పిమ్మట ఆ చోటి జాడ మరల దొరకలేదు. ఎప్పుడు పోయెనో, ఏల పోయెనో వ్రాసినవారు లేరు. జమ కలదు, ఖర్చు లేదు. అట్టి లెక్కను చూచిన నావంటివానికి నిద్ర పట్టదు.

నా సొంత లెక్కయు అట్టిదే. ఇరువది యేండ్ల క్రిందట మన చెరువులోని తుమ్మచెట్లను వేలమునకు పెట్టినప్పుడు జాబితా వ్రాసినది నేనే. ప్రతి మ్రానుకు అంకె వేసితిని, చుట్టుకొలత వ్రాసితిని. తప్పు లేని జాబితా యని మెప్పు పొందితిని. కాని చెట్లను లెక్కించితిని గాని, గూళ్ళను లెక్కింపలేదు. మరుసటి యేడు చెరువు నిండినది. కొంగలు వచ్చి, చెరువుమీద తిరిగి తిరిగి, దిగక వెడలిపోయినవి. నేలపట్టు గట్టున నిలిచినప్పుడు నాకు గుర్తు వచ్చినది అదియే.

మిగిలిన తుమ్మలను ఈ యేడు వేలము వేయవలెనని మాట పుట్టినది. జాబితా మరల నేనే వ్రాయవలెను. ఈ తూరి ఏ చెట్టున ఎన్ని గూళ్ళున్నవో ఒక గడి చేర్చి వ్రాసెదను. తీర్పు గ్రామముదే, కాని తెలిసి తీర్చుడు.

గ్రంథాలయమునకు నా విన్నపమొకటి. ఇచట ఒక పక్షుల చిట్టా ఉంచుడు. చెరువు నిండిన దినము, ఏ పక్షి వచ్చెను, ఎన్ని గూళ్ళు కట్టెను, ఎప్పుడు పోయెను, ఇంతే వ్రాయవలెను. బాలురు ఉదయముననే పోయి, దూరముననే నిలిచి, సద్దు చేయక చూడవలెను. పెద్ద పక్షి బెదరి లేచినచో గ్రుడ్లు కాకుల పాలగును, రెక్కలు రాని పిల్లలు ఎండకు మాడును.

కావ్యములు విడువుడని నేననను. తలపై రెండు నల్లని చారలు గల పెద్దబాతు టిబెట్టు సరస్సులలో పిల్లలనెత్తి, హిమాలయములను దాటి, చలికాలమున మన దక్షిణపు చెరువులకు వచ్చునని తెలిసిన పిదప, మానసమునకు పోవు హంస నాకు వట్టి కల్పనగా తోచుట లేదు. చదివినది చూచుటకును, చూచినది వ్రాయుటకును ఈ గ్రంథాలయము తోడ్పడుగాక. స్వర్ణోత్సవమునాటికి ఆ చిట్టాలో గూళ్ళ లెక్క పెరిగి యుండుగాక.

సెలవు.