మా అక్క నేర్పిన పాఠం
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

నేను డాక్టర్ని కాను, నీటిపారుదల శాఖ ఇంజనీర్ని. అయినా రొమ్ము క్యాన్సర్ గురించి మాట్లాడుతున్నానంటే కారణం మా అక్క. తనూ ఈ బడిలోనే చదివింది. ఇప్పుడు మూడో వరసలో కూర్చుంది. ఆమె చెప్పమంటేనే చెబుతున్నాను.

ఆపరేషన్, కీమో, రేడియేషన్ అయ్యాక డాక్టరుగారు రోజుకో హార్మోన్ మాత్ర అయిదేళ్లు వాడమన్నారు. ఒళ్లంతా ఆవిర్లు, కీళ్ల నొప్పులు. "ఇమ్యూనిటీ పెంచుకుంటే జబ్బు తిరిగి రాదు" అని ఎవరో ఒక పొడి అంటగట్టారు. రెండేళ్లకే అక్క మాత్ర మానేసింది. మాకెవరికీ చెప్పలేదు. నాలుగో ఏట నడుంనొప్పి అంటే వయసు వల్ల అనుకున్నాం. తీరా చూస్తే జబ్బు ఎముకకు పాకింది. మాత్ర మానడం వల్లే వచ్చిందని డాక్టరుగారు అనలేదు. మానితే ముప్పు పెరుగుతుందని మాత్రం చెప్పారు.

అప్పటి నుంచి చదవడం మొదలుపెట్టాను. ఇమ్యూనిటీకీ ఈ జబ్బుకీ సంబంధం ఉన్న మాట నిజమే. ముఖ్యంగా ట్రిపుల్ నెగటివ్ రకంలో, గడ్డలోకి చేరిన లింఫోసైట్లనే తెల్లకణాలు ఎక్కువగా ఉన్నవారిలో జబ్బు తిరగబెట్టడం తక్కువ. హార్మోన్ రకంలో కొన్ని కణాలు ఏళ్ల తరబడి నిద్రపోయి, 15, 20 ఏళ్లకు కూడా లేవవచ్చు. మన నిరోధక కణాలకు సహజంగా ఉండే బ్రేకులను క్యాన్సర్ తన రక్షణకు వాడుకుంటుంది. ఆ బ్రేకు తీసే వైద్యానికి దారి చూపినందుకే జేమ్స్ ఆలిసన్, తసుకు హోంజోలకు 2018లో నోబెల్ వచ్చింది. అలాంటి మందు పెంబ్రోలిజుమాబ్‌ను ముప్పు ఎక్కువున్న తొలిదశ ట్రిపుల్ నెగటివ్ రోగులకు అమెరికా 2021లో అనుమతించింది.

అయితే ఇమ్యూనిటీ చెరువులో నీటిమట్టం కాదు, పొడి పోసి పెంచడానికి. అది కాలవ గట్టు మీద లస్కర్ల కాపలా లాంటిది. ఎందరున్నా, బుంగ పడిన చోటికి చేరాలి, దాన్ని గుర్తుపట్టాలి. ఏ పొడీ హార్మోన్ మాత్రకు బదులు కాదు.

నా విన్నపం ఇంతే. మాత్ర ఇబ్బంది పెడితే డాక్టరుతో చెప్పండి, వేరే మాత్రకు మార్చే వీలుంటుంది. రోజూ నడవండి. వారాల తరబడి తగ్గని కొత్త నొప్పిని వయసు మీదకు నెట్టకండి.

తమ్ముళ్లకు, భర్తలకు మరో మాట. "మాత్ర వేసుకున్నావా?" అని ఆ రెండేళ్లలో నేను ఒక్కసారీ అడగలేదు. ఇప్పుడు రోజూ రాత్రి తొమ్మిదికి ఫోన్ చేసి అడుగుతున్నాను. అక్క విసుక్కుంటుంది. విసుక్కోనివ్వండి.

సెలవు.